పావుతక్కువ ఏడుకి వచ్చే పేర్లు

ఆగస్టు 12, సోమవారం

గెలిచాను. బోర్డు మొత్తం ఒప్పుకుంది. సమావేశం అయ్యాక ఛైర్మన్ లాన్సికో నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "ఒడీలియా, మునిగిపోయే చానెల్ని ఒడ్డున పడేశావు" అన్నాడు. పడేశానో ముంచానో దేవుడికెరుక. పిల్లలంతా ఫోనుల్లో ఉన్నారు, మనమూ ఆ ఫోనుల్లోకే పోవాలి, లేకపోతే ఇంకో రెండేళ్ళలో మన తెరని మనమే చూసుకోవాలి అని గంటసేపు వాయించింది నేనే. గీతలూ బొమ్మలూ వేసి చూపించిందీ నేనే. కాబట్టి సాయంత్రం పావుతక్కువ ఏడుకి ద్వీపమంతటికీ చదివే చావు కబుర్లు సెప్టెంబరు నుంచి టీవీలో ఉండవు. మా కొత్త యాప్‌లోకి వెళ్ళిపోతాయి. ఆ వేళకి వంటల పోటీ వస్తుంది.

ఈ చానెల్లో నా మొదటి ఉద్యోగం ఆ కబుర్లు చదవడమే. పేరు, "అందరికీ ఫలానాగా తెలిసిన" అంటూ ముద్దుపేరు, ఊరు, ఎవరి కొడుకు, ఎవరికి అన్న, ఎవరికి బాప్తిస్మంలో జ్ఞానతండ్రి, చివర్న పెళ్ళి లేని బంధం ఏదైనా ఉంటే "ప్రత్యేక స్నేహితురాలు" అని ఆవిడ పేరు. ఆ ఒక్క మాట కోసం మా అమ్మ చెవులు రిక్కించేది. "చూశావా, చచ్చాక ఒప్పుకున్నాడు" అనేది.

ఇంటికొచ్చి అలవాటుగా టీవీ ముందు కూర్చున్నాను. డెనరీ ముసలాయన ఒకడు, గ్రోజిలే చేపలావిడ ఒకావిడ, ఒక పసిబిడ్డ. ఇగ్నస్ పేరు రాలేదు. అమ్మయ్య.

ఇంట్లో మనిషి పోతే ఇంట్లోవాళ్ళకి ఫోను వస్తుంది. నాకెవరు చేస్తారు? కొండ మీద మా చానెల్ టవర్ చూసుకునే మనిషి తను, నేను పై అధికారిని. చానెల్ నిబంధన ఒప్పుకోదని మా బంధాన్ని దాచాం. తను రిటైరయ్యాక దాచాల్సిన అవసరం పోయింది, కానీ అప్పటికి దాచడం అలవాటైపోయింది. ఇప్పుడు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయి లబోరీలో అక్క ఇంట్లో ఉన్నాడు. ఇంకోసారి వస్తే మాత్రం చెప్పలేం అన్నాడు డాక్టరు. అందుకే ప్రతి సాయంత్రం వింటాను. రాలేదు అనుకుని లేచి, అన్నం తింటాను.

యాప్ గురించి తనకి నేనే చెప్పాలి. ఆదివారం వెళ్తాను కదా, చెబుతాను.

ఆగస్టు 18, ఆదివారం

కాల్చిన సీమపనస, ఉప్పుచేప కూర కుండలో పెట్టుకుని వెళ్ళాను. వరండాలో సముద్రం వైపు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. గడ్డం ఎవరో సగమే గీశారు.

"ఏమే మేనేజరమ్మా, ఈ వారం ఎవరి కొంప ఆర్పొచ్చావు?"

తన పలకరింపే అంత. నవ్వుకుంటూ పక్కన కూర్చుని తినిపించాను. తినిపిస్తూ చెప్పాను. నోరు తెరిచినవాడు మళ్ళీ మూసేశాడు.

"చావుల్ని ఫోనులో పెడతావా?"

"నేను పెట్టేదేముంది, కాలం పెట్టిస్తోంది. టీవీ ఎవరు చూస్తున్నారు ఇగ్నస్ ఈ రోజుల్లో?"

"నేను చూస్తున్నాను. ఆ వేళకి ఈ వీధిలో ఏ కిటికీలోకి తొంగి చూసినా అదే. వీళ్ళంతా మనుషులు కారా?"

"వీళ్ళంతా ఎన్నాళ్ళుంటారు?"

అనేశాను. నోటికి ఏదొస్తే అది అనేయడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. తను మాత్రం నవ్వాడు.

"అదేగా నా గోల. ఉండం. ఉండనప్పుడు ఎవరికి ఎవరు చెబుతారు?"

"ఫోనులో అయితే ఇంకా ముందే తెలుస్తుంది. బొమ్మతో సహా వస్తుంది. ఊరి పేరు నొక్కితే చాలు. నువ్వూ ఒకటి కొనుక్కోరాదూ?"

"నా చావు నాకు తెలియడానికి ఫోనెందుకే పిచ్చిదానా? తెలియాల్సింది నీకు."

ఆ మాటకి ఒళ్ళు మండింది. ఎందుకు మండిందో ఇప్పటికీ తెలియదు. చావు చావు అనకు అన్నాను. నీకు టవర్ తప్ప ప్రపంచం లేదు అన్నాను. ఆ టవర్ని కూడా వచ్చే ఏడాది ఆపేస్తున్నాం అని, చెప్పకూడదనుకున్నది కూడా చెప్పేశాను. తను కుడిచేత్తో నా చేతిలోని చెంచా పక్కకి తోశాడు.

"లా మార్గరీట్ దానివి అనిపించుకున్నావు. మీవాళ్ళు చస్తే ఓటమి ఒప్పుకోరు."

తను లా రోజ్, నేను లా మార్గరీట్. ఏ పువ్వు గొప్పదని పాటల్లో తిట్టుకునే ఆ రెండు జట్ల గొడవ మా ఇద్దరికీ ఎప్పుడూ సరదాయే. ఇవాళ మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు.

"ఆ కబుర్లు మళ్ళీ తెర మీదికి తెచ్చాకే ఈ మెట్లెక్కు" అన్నాడు.

"సరే, ఎక్కను" అన్నాను.

వాళ్ళక్క ఫిలిస్టా గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. తనకన్నా ఏడేళ్ళు పెద్దది, నేనంటే మొదటినుంచీ గిట్టదు. "మీ కుండ తీసుకెళ్ళండి మేనేజరుగారూ, మళ్ళీ వస్తారో రారో" అంది.

తీసుకొచ్చాను. కుండలో కూర అలాగే ఉంది.

ఆగస్టు 19

రాలేదు. ఫోను కూడా రాలేదు. అలిగాడు. అలగనీ.

ఆగస్టు 23

రాలేదు.

ఆగస్టు 25, ఆదివారం

వెళ్ళలేదు. మెట్లెక్కొద్దన్నవాడే పిలవాలి. నాకూ అభిమానం ఉంటుంది. ఇల్లంతా కడిగాను, పరదాలు ఉతికాను. సాయంత్రం పేర్లు విన్నాను. లబోరీ నుంచి ఒక పేరు వచ్చేసరికి లేచి నిలబడిపోయాను. ఎవరో కుట్టుపని ఆవిడ. పాపం ఆవిడెవరో నాకు తెలియదు, కానీ "హమ్మయ్య" అన్నాను, పైకే అన్నాను. ఇలాంటిదాన్ని నేను.

ఆగస్టు 30

లా రోజ్ పండగ. లబోరీలో ఊరేగింపు జరిగే ఉంటుంది. తనని ఎవరైనా కుర్చీతో సహా చర్చి దాకా మోసుకెళ్ళారో లేదో. ఎర్ర చొక్కా వేశారో లేదో. బొత్తాలు తనే పెట్టుకుంటానంటాడు, పెట్టుకోలేడు, ఎవరైనా సాయం పడితే కసురుతాడు.

ఫోను చేద్దామనుకున్నాను. ఇవాళ చేస్తే వాళ్ళ పండగ రోజున నేను ఓడిపోయి వచ్చినట్టు ఊరంతా చాటుతాడు. రేపు చేస్తాను.

సెప్టెంబరు 2, సోమవారం

ఇవాళ్టి నుంచి మారింది. పొద్దున సమావేశంలో షెర్మెయిన్ అందరి ఫోనుల్లోనూ యాప్ పెట్టింది. యాప్ పని మొత్తం చూసేది ఆ పిల్లే. తెలివైంది, ముప్ఫై దాటలేదు, నాకు చాలా ఇష్టం. నా ఫోను చేతిలోకి తీసుకుని అందరి ముందూ అడిగింది.

"ఏ ఊళ్ళు పెట్టమంటారు మేడమ్? ఆ ఊళ్ళో ఎవరైనా పోతే గంట మోగుతుంది. అన్నీ పెడితే మాత్రం రోజంతా మోగుతూనే ఉంటుంది, చెవులు చిల్లులు పడతాయి."

"క్యాస్ట్రీస్‌లో మా లా క్లెరీ పెట్టు. మికూ కూడా, మా అమ్మవాళ్ళ ఊరు."

"ఇంకా?"

నోటిదాకా వచ్చింది. కెమెరా డెల్రాయ్ నా మొహంలోకే చూస్తున్నాడు. జీతాలు చూసే మాడ్లిన్ కూడా చూస్తోంది. లబోరీ అంటే "లబోరీలో మీకెవరున్నారు మేడమ్?" అంటారు. సరదాగానే అంటారు. అనగానే నా మొహం చూసి కనిపెట్టేస్తారు.

"ఇంకేం లేవు" అన్నాను.

టీవీ నన్ను ఎన్నడూ అడగలేదు, ఎవరి కోసం వింటున్నావని. ద్వీపంలోని పేర్లన్నీ చదివేది. అందరూ అందరివీ వినేవారు. ఆ గుంపులో కూర్చుని నేను నాక్కావలసిన పేరు కోసం వినేదాన్ని, ఎవరికీ తెలిసేది కాదు.

సర్లే, ఇంట్లో తీరిగ్గా నేనే పెట్టుకుంటాను. ఎంతసేపు పని.

సెప్టెంబరు 3

వంటల పోటీ చూడలేక టీవీ కట్టేశాను. ఎదురింటి టాంటీ జెలీ, అంటే వీధికంతటికీ అత్త, వరండాలోంచి కేకేసింది. ఎనభై దాటినా ఆ గొంతుకి మైకు అక్కర్లేదు.

"ఒడీలియా! ఏమిటే తల్లీ ఇది? ఎవరు పోయారో చూద్దామని కూర్చుంటే ఎవడో కుర్రాడు కోడిని మసాలాలో పొర్లిస్తున్నాడు!"

"ఫోనులో వస్తాయి టాంటీ. మీ మనవడిని పెట్టమనండి."

"ఫోను వాడి జేబులో ఉంటుంది. వాడు ఎక్కడ ఉంటాడో దేవుడికి కూడా తెలియదు. చూడు, నేను పోయాక నా పేరు కూడా ఆ ఫోనులోనే పెట్టండి. ఎవరూ రారు, చావింటికి వచ్చినవాళ్ళకి పోసే కాఫీ ఖర్చు మిగులుతుంది."

నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

సెప్టెంబరు 8, ఆదివారం

యాప్‌ని అందరూ తెగ పెట్టుకుంటున్నారట. ఛైర్మన్ కేకు పంపించాడు. మా మొహాలు కనపడేలా ఫోటో తీయించి పత్రికలకిచ్చాడు.

సాయంత్రం ఫోను తీసి ఊళ్ళ జాబితాలో లబోరీ దాకా వెళ్ళాను. వేలు ఆనించలేకపోయాను. ఆ పేరు నొక్కడమంటే, రా, వచ్చి చెప్పు అని కోరి పిలిచినట్టు అనిపించింది. చావుకి దారి చూపించినట్టు. చదువుకున్నదాన్ని, నలుగురికి ఇదే కొత్త యుగమని చెప్పేదాన్ని, నాకీ పిచ్చేమిటి?

రేపు నొక్కుతాను.

సెప్టెంబరు 11

మోగలేదు.

సెప్టెంబరు 15, ఆదివారం

లబోరీకి బయల్దేరాను. నా అంతట నేనే. కోకో టీ కాచుకునే ఉండలు కూడా కట్టుకున్నాను, తనకి ఫిలిస్టా పెట్టదు. కొండదారిలో వాన మొదలైంది. మట్టి జారి దారి మూసేశారు. వెనక్కి వచ్చేశాను.

సెప్టెంబరు 16

దారి మూయలేదు. వాన పడింది, అంతే. బస్సులు పోతూనే ఉన్నాయి. నా డైరీకి నేనే అబద్ధం చెప్పడమేమిటో.

భయమేసింది. వెళ్తే తను మొహం తిప్పుకుంటాడేమోనని. "టీవీలోకి తెచ్చావా?" అంటాడు. తేలేదు అనాలి. ఫిలిస్టా గుమ్మంలో నిలబడి వింటుంది.

సెప్టెంబరు 20

మోగలేదు. ఇంకా అలకే. ఇంత అలకేమిటి మనిషికి.

సెప్టెంబరు 27, శుక్రవారం

ఇవాళ తెగించి ఫిలిస్టా ఇంటికి ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. ఇంట్లో ఎవరూ లేరు. అంటే తనని కూడా ఎక్కడికో బయటికి తీసుకెళ్ళారు. మంచిదే. బయటికి వెళ్ళగలిగే ఓపిక వచ్చిందంటే బాగున్నట్టే కదా.

మనసు తేలికపడింది. రాత్రికి చేపల పులుసు చేసుకున్నాను.

అక్టోబరు 3

అంతా బాగానే ఉంది. చెడ్డది ఏదైనా అయితే ఈపాటికి తెలిసేది. ఫోను మోగలేదు.

ఫోను ఎలా మోగుతుంది? నేను

వద్దు. నిద్ర వస్తోంది.

అక్టోబరు 7, సోమవారం

రాయాలి. రాయకపోతే ఇది జరగలేదని రేపు మళ్ళీ నన్ను నేనే మభ్యపెట్టుకుంటాను.

పొద్దున ఒక పెద్దమనిషి గేటు దగ్గర గొడవ చేస్తున్నాడని చెప్పారు. లోపలికి రమ్మన్నాను. ష్వాజల్ నుంచి వచ్చాడు, పేరు థియోడోర్, వడ్రంగి. టోపీ చేతిలో నలుపుతూ, కూర్చోమన్నా కూర్చోలేదు.

"మిస్, మా జ్ఞానతల్లిని మట్టిలో పెట్టి వారం దాటింది. నిన్న సంతలో తెలిసింది నాకు. సంతలో! అరటిగెల బేరమాడుతుంటే! నాకు అక్షరాలు దిద్దించింది ఆవిడ. ఆవిడ పెట్టె నేను మొయ్యాల్సింది. రోజూ పావుతక్కువ ఏడుకి మీ టీవీ ముందే కూర్చుంటాను. ఏం చూపించారు నాకు? కోడి!"

నాకు ఇలాంటివి కొత్త కాదు. మెత్తగా మాట్లాడటం నా ఉద్యోగం. కాఫీ తెప్పించాను. తప్పు మాది కాదు, ఇది నేర్చుకోవాల్సిన పద్ధతి అన్నట్టు మాట్లాడాను. ఆ గొంతు ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తోంది.

"మీ దగ్గర మంచి ఫోనే ఉందిగా అయ్యా. ఇలా ఇవ్వండి, చూపిస్తాను. చాలా తేలిక. మీ జ్ఞానతల్లిగారిది ఏ ఊరు?"

"లబోరీ."

నొక్కాను. ఎవరి కోసమో కాబట్టి వేలు ఆగలేదు.

ఆవిడ బొమ్మ వచ్చింది, తెల్ల టోపీ పెట్టుకుని. "ఆవిడే" అన్నాడు. "చూశారా, ఇలా కిందికి జరిపితే పాతవన్నీ వస్తాయి" అంటూ నేను జరిపాను.

టవర్ కింద తీయించుకున్న ఫోటో. మా చానెల్ టోపీ పెట్టుకుని. ఆ ఫోటో తీసింది నేను.

"అందరికీ టవర్‌గా తెలిసిన ఇగ్నేషియస్ మోంటూట్. లబోరీ. మంగళవారం, సెప్టెంబరు ఇరవై నాలుగున మరణించారు. అంత్యక్రియలు శనివారం మధ్యాహ్నం. ఫిలిస్టాకి తమ్ముడు." మేనల్లుళ్ళు, మేనకోడళ్ళు, పాత సహోద్యోగులు, లా రోజ్ సంఘం. అన్నిటికన్నా చివర్న, "ప్రత్యేక స్నేహితురాలు: లా క్లెరీకి చెందిన ఒడీలియా పోలియస్."

శనివారం. ఇరవై ఎనిమిది. ఆ ముందు రోజు నేను చేపల పులుసు చేసుకున్నాను.

"మిస్? ఏమైంది మిస్?"

"ఏం లేదు. ఇలా కిందికి జరపాలి. మీరు ఒకసారి చెయ్యండి, నేను చూస్తాను."

ఆ ముసలాయన ముతక వేలితో నాకు జరిపి చూపించాడు. మళ్ళీ పైకి, మళ్ళీ కిందికి. ఇగ్నస్ వచ్చాడు, వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. "వచ్చేసిందండీ, నేర్చుకున్నాను" అన్నాడు. నా మొహం చూసి మంచినీళ్ళ గ్లాసు నా వైపు జరిపి, టోపీ పెట్టుకుని నెమ్మదిగా వెళ్ళిపోయాడు.

అక్టోబరు 8

అలిగాడు అని రాశాను. పది రోజులు, అంతకన్నా ఎక్కువే, లోకంలో లేనివాడి మీద కోప్పడ్డాను.

అక్టోబరు 9

ఆఫీసుకి వెళ్ళాను. ఎవరూ ఏమీ అనలేదు. మొత్తం ద్వీపానికి కనపడేలా నా పేరు ఉంది అక్కడ, మా సొంత యాప్‌లో, మా ఆఫీసులోనే ఎవరో ఎక్కించారు. ఒక్కళ్ళూ పట్టించుకోలేదు. లబోరీ ఎవరికుంటుంది ఈ ఆఫీసులో?

ఇరవై ఏళ్ళు నేను భయపడింది దీనికేనా?

అక్టోబరు 13, ఆదివారం

మెట్లెక్కాను.

ఫిలిస్టా గుమ్మంలోంచి కదల్లేదు. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఇప్పుడా రావడం?" అంది.

"నాకు తెలియలేదు."

"మీ యంత్రంలోనే వేశాం కదా మేనేజరుగారూ. మీకు తెలియకపోవడం ఏమిటి?"

ఏం చెప్పను? మీ ఊరి పేరు నలుగురిలో నోటికి రాలేదని చెప్పనా? చెప్పాను. అదే చెప్పాను, ఒక్క ముక్క దాచకుండా. ఆవిడ పక్కకి జరిగింది. "కూర్చో" అంది. మొదటిసారి నువ్వు అంది.

కుర్చీ అక్కడే ఉంది, సముద్రం వైపు. నేను మెట్టు మీద కూర్చున్నాను.

"నిన్ను పిలుస్తానన్నాను వాడు పడిపోయిన రోజున. మాట ఇంకా వస్తోంది అప్పటికి. వద్దన్నాడు. 'అది ఆఫీసులో ఉంటుంది, కంగారు పడి కొండదారిలో కారు తోలుతుంది. దానికి కబురు వచ్చేస్తుంది లేవే, అందరికన్నా ముందు దానికే వస్తుంది, అది పెట్టిందే కదా' అన్నాడు. నీ పేరు వెయ్యమన్నదీ వాడే. నాకు ఇష్టం లేదు, ఉన్నమాట చెబుతున్నాను. పోయేవాడి మాట అని వేశాను."

"చర్చిలో..."

"చర్చిలో నీ కోసం ముందు వరసలో చోటు ఉంచాం. ఫాదర్ గడియారం చూసుకుంటున్నాడు. పెట్టె మూత వెయ్యనివ్వలేదు నేను. రోడ్డు మీద ఏ కారు చప్పుడైనా అందరం వెనక్కి తిరిగి చూశాం. ఎంతసేపని ఆపను చెప్పు? వాన వచ్చేలా ఉంది."

అప్పుడు ఏడ్చాను. ఆవిడ వీధి ముందు, ఎవరు చూస్తే చూడనీ అని ఏడ్చాను. లోపల అలమర మీద ఏదో మోగింది. చిన్న గంట. మా యాప్ గంట అది, ఆ మోత ఎంచింది నేను.

ఫిలిస్టా వెళ్ళి తెచ్చింది. పాత ఫోను, గాజు ఒక మూల పగిలింది.

"నువ్వు వెళ్ళిపోయిన వారమే మేనల్లుడి చేత కొనిపించాడు. నీ మీద కోపంతోనే నేర్చుకున్నాడు, కుడిచేత్తో ఒక్కో అక్షరం తడుముకుంటూ. ఏ ఊరు పెట్టాలి మామయ్యా అంటే లా క్లెరీ అన్నాడు. మన ఊరు వద్దా అన్నాను. 'మన ఊళ్ళో ఎవరు పోయినా కేకలు వినపడతాయి, నాకు అక్కడిదే కావాలి' అన్నాడు. ఇది మోగితే చాలు, ప్రాణం గొంతులోకి వచ్చేది వాడికి. 'చూడవే అక్కా, ఎవరో చూడు' అనేవాడు. ఎవరో పరాయి పేరు చెప్పేదాన్ని. 'రాలేదు' అనేవాడు. అప్పుడు తినేవాడు."

నేను ఈ డైరీలో రాసుకునే మాట అది. తనకి ఎన్నడూ చెప్పలేదు.

"మరి ఒక్క ఫోను నాకు చెయ్యకపోయాడా?"

"అక్టోబరు పదిహేడున చేద్దామనుకున్నాడు. లా మార్గరీట్ నాడు. 'వాళ్ళ పండగ, శుభాకాంక్షలు చెప్పడానికి చేశాననొచ్చు, ఓడిపోయినట్టు ఉండదు' అని."

వచ్చేటప్పుడు ఆ ఫోను నా చేతిలో పెట్టింది. వాళ్ళ కుండలో ఏదో కూర వేసి అది కూడా ఇచ్చింది. సమాధి దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్ళాం. మట్టి ఇంకా ఎత్తుగానే ఉంది.

అక్టోబరు 16, బుధవారం

షెర్మెయిన్‌ని పిలిచి, సెప్టెంబరు రెండు నుంచి యాప్‌లో వచ్చిన పేర్లన్నీ కాగితం మీద కావాలన్నాను. "అన్నీనా మేడమ్? ఎందుకు?" అంది. పావుతక్కువ ఏడుకి చదువుతాను అన్నాను. వంటల పోటీ ఎంత ఆలస్యమైతే అంత. ఛైర్మన్‌కి చెప్పారా అంది. లేదన్నాను. ఫోనులో ఉన్నది ఫోనులో ఉండనీ, బాగుంది అది, నీ పని బాగుంది. కానీ ఇవాళ్టి నుంచి తెర మీద కూడా ఉంటుంది, నన్ను పీకేసేదాకా ఉంటుంది అన్నాను. ఆ పిల్ల ఇంకేమీ అడగకుండా వెళ్ళి కాగితాలు తెచ్చింది.

పాతికేళ్ళ తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నాను. డెల్రాయ్ కెమెరా వెనక. ఒక్కో పేరు చదివాను, ముద్దుపేర్లతో సహా, తొందరపడకుండా. థియోడోర్ జ్ఞానతల్లి వచ్చింది. ఆయన చూస్తుంటాడని ఆవిడ పేరు ఇంకొంచెం నెమ్మదిగా చదివాను. తర్వాత అందరికీ టవర్‌గా తెలిసిన ఇగ్నేషియస్ మోంటూట్. అక్క, మేనల్లుళ్ళు, లా రోజ్ సంఘం. తర్వాత "ప్రత్యేక స్నేహితురాలు, లా క్లెరీకి చెందిన ఒడీలియా పోలియస్" అని నా పేరు నేనే చదివాను. డెల్రాయ్ కెమెరా పక్కనుంచి తల బయటికి పెట్టి నన్ను చూశాడు. ఇంకా బోలెడు పేర్లున్నాయి. చదివాను.

బయటికొచ్చి చూసుకుంటే ఛైర్మన్ ఏడుసార్లు ఫోను చేశాడు. ఎత్తలేదు.

ఇంటికి వచ్చేసరికి నా వరండాలో దీపం వెలుగుతోంది. కుర్చీలు వేసి ఉన్నాయి, నావి కావు. వీధిలోవాళ్ళంతా వచ్చేశారు. ఎవరో డొమినోలు బల్ల మీద పోశారు, ఎవరో తెల్ల రమ్ము సీసా తెచ్చారు. టాంటీ జెలీ నా వంటగదిలోకి ఎలా దూరిందో తెలియదు, పెద్ద గిన్నె నిండా కాఫీ కాస్తోంది. చావు జరిగిన ఇంట్లో ఎలా కూర్చుంటారో అలా కూర్చున్నారు, నా ఇంట్లో.

"ఆయన్ని పూడ్చేశారు టాంటీ. ఎప్పుడో అయిపోయింది" అన్నాను.

"మాకు ఇవాళేగా తెలిసింది" అంది. కప్పు నా చేతిలో పెట్టి, నా భుజం పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. "ఇన్నేళ్ళు ఎదురుగా ఉండి ఒక్క మాట చెప్పలేకపోయావటే తల్లీ? చెబితే నీతోపాటు మేమూ ఆయన పేరు కోసం వినేవాళ్ళం కదా."